నొజావా ఒన్సెన్ స్నానశాలల్లో బయటివాళ్లకు టికెట్ పెట్టాలా?

చలిపులి:
జపాన్‌లోని నగానో ప్రాంతంలో స్కీయింగ్‌కు పేరున్న కొండ ఊరు నొజావా ఒన్సెన్. అక్కడి 13 వేడినీటి స్నానశాలల్లో ఎవరైనా ఉచితంగా స్నానం చేయవచ్చు. గుమ్మం దగ్గర విరాళాల పెట్టె ఉంటుంది, అంతే. వాటిని కడిగి, బాగుచేసి చూసుకునేది ‘యు నకామా’ అనే ఇరుగుపొరుగు సంఘాలు. సాయంత్రం స్కీలు విప్పగానే మనమంతా వాటి మీద పడతాం. పగలంతా పనిచేసి వచ్చిన ఊరి పెద్దాయనకు తొట్టిలో చోటుండదు. బయటివాళ్లకు టికెట్ పెట్టాలంటాను. మీరేమంటారు?

తూర్పుకనుమ:
వద్దు. ఇప్పుడు మొహమాటంతోనైనా ఒదిగి ఉంటున్నాం. డబ్బు కట్టామా, హక్కు వచ్చేస్తుంది. నీళ్లు మరీ వేడిగా ఉన్నాయని చన్నీటి కొళాయి బార్లా తిప్పేస్తాం, ఎవరైనా అడిగితే టికెట్ చూపిస్తాం. అయినా 13 చోట్ల కూర్చుని టికెట్లు చింపేదెవరు?

పులిహోర:
ఒదిగి ఉంటున్నామా? ఒళ్లు కడుక్కోకుండా నేరుగా తొట్టిలోకి దిగేవాళ్లను నేను చూశాను. లిఫ్టు పాసుకు వేల యెన్లు పోస్తాం, ఆ పెట్టెలో వంద వేయడానికి చేయి రాదు. మొహమాటం ఊరివాళ్లదే, మనది కాదు.

తూర్పుకనుమ:
ఒప్పుకుంటాను. కానీ గీత గీయడం ఆ ఊరికి తెలియదనుకోకండి. ఓగామా అనే బుగ్గలో నీళ్లు దాదాపు 90 డిగ్రీల వేడి. ఊరివాళ్లు ఆకుకూరలు, గుడ్లు అందులోనే ఉడికించుకుంటారు. మనల్ని లోపలికి రానివ్వరు, దానికి ఎవరూ నొచ్చుకోరు. దాదాపు మన భోగి రోజుల్లోనే, జనవరి 15న వచ్చే దోసోజిన్ అగ్ని పండుగ చూడండి. కొయ్యలతో కట్టిన గుడి మీద 42 ఏళ్ల మగవాళ్లు కూర్చుంటారు, 25 ఏళ్లవాళ్లు కింద కాపు కాస్తారు, ఊరివాళ్లు కాగడాలతో దాడి చేస్తారు. అది వాళ్ల పోరు, మనం చూసేవాళ్లమే. స్నానశాలల్లోనూ సాయంత్రం రెండు గంటలు ఊరివాళ్లకే వదిలేస్తే సరిపోదా?

కాలిబాట:
మేం వేసవిలో వెళ్లాం. ఉవెనోతైరా పీఠభూమిలో బీచ్ (beech) అనే అడవి చెట్ల నీడన నడిచి వచ్చేసరికి తొట్లు ఖాళీ. రద్దీ అంతా స్కీ నెలలదే. ఏ నియమం పెట్టినా అప్పటికి పెడితే చాలు.

చలిపులి:
రెండు గంటలు, అదీ చలికాలంలోనే, బాగానే ఉంది. మరి ఆ వేళ గుమ్మాల దగ్గర కాపలా ఎవరు? టికెట్లు చింపేదెవరని అడిగింది మీరే కదా, తూర్పుకనుమ గారూ.