షిప్ దిగకముందే వచ్చే క్రూజ్ బుక్ చేసేయాలా? (టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు, రాయల్ కరీబియన్ కంపెనీ)

గల్ఫ్‌గాలి:
ఏడు రాత్రుల క్రూజ్‌లో ఉన్నాం. వచ్చే వేసవికి ఇలాంటిదే ఇంకో సెయిలింగ్ (క్రూజ్ ప్రయాణం) ఇక్కడే బుక్ చేసుకుంటే గదికింత అని ఆన్‌బోర్డ్ క్రెడిట్ (ఆ క్రూజ్‌లో ఖర్చుపెట్టుకునే డబ్బు) ఇస్తామంటున్నారు నెక్స్ట్‌క్రూజ్ డెస్క్ (షిప్‌లోనే తర్వాతి క్రూజ్ బుక్ చేసే కౌంటర్) వాళ్లు. అప్పటికి అమ్మానాన్న ఇండియా నుంచి వస్తారు, కాబట్టి రెండు బాల్కనీ గదులు కావాలి. నాన్‌రిఫండబుల్ (రద్దు చేస్తే నగదు తిరిగిరాని) డిపాజిట్ అయితే రేటు తక్కువ. ఇంటికెళ్లి తీరిగ్గా చూసుకుంటే ఏమైనా నష్టమా? మేం హెచ్‌1బి (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉన్నాం, పాస్‌పోర్ట్‌లోని వీసా స్టాంప్ వచ్చే మార్చిలో అయిపోతుంది.

డెక్_ప్లాన్:
ముందు ఒకటి తేల్చుకోండి. డెస్క్‌లో చెప్పే గది రేటు మామూలుగా వెబ్‌సైట్‌లో ఉన్న రేటే. షిప్‌లో బుక్ చేసినందుకు అదనంగా దొరికేది ఆ క్రెడిట్ ఒక్కటే. అది ఎన్ని రాత్రులు, ఏ రకం గది అన్నదాన్నిబట్టి మారుతుంది. పట్టిక డెస్క్ మీదే ఉంటుంది, ఫోటో తీసుకోండి. మెక్సికోలోని కొజుమెల్‌లో దిగినప్పుడు ఫోన్‌లో అదే సెయిలింగ్, అదే గది రకం తెరిచి పన్నులతో కలిపి మొత్తం ఎంతో పోల్చండి.

అసలు చిక్కంతా డిపాజిట్‌తోనే. 6–9 రాత్రుల క్రూజ్‌కి మనిషికి 250 డాలర్లు, అంటే మీ నలుగురికి 1,000. నాన్‌రిఫండబుల్ తీసుకుని తర్వాత షిప్ గానీ తేదీ గానీ మారిస్తే మనిషికి 100 చొప్పున కోత. గదికి క్రెడిట్ వంద వచ్చిందనుకున్నా, ఒక్క తేదీ మార్పుకే గదికి రెండొందలు పోతాయి. రద్దు చేస్తే మనిషికి ఆ వంద కోత పోగా మిగిలింది నగదుగా రాదు, ఫ్యూచర్ క్రూజ్ క్రెడిట్‌గా (తర్వాతి క్రూజ్‌కి వాడుకునేలా) ఇస్తారు. అది ఎవరి పేరున వస్తే వాళ్లే వాడుకోవాలి. అమ్మగారి పేరున ఇరుక్కున్న క్రెడిట్‌తో మీకేం పని?

అందుకని రెండు గదులూ రెండు వేర్వేరు బుకింగ్‌లుగా చేయించండి. పెద్దవాళ్ల గది తప్పనిసరిగా రిఫండబుల్. మీది మీ ఇష్టం. భోజనం టేబుల్ ఒకటే వచ్చేలా రెండింటినీ లింక్ చేయమనండి. వాళ్లు ఇప్పుడు షిప్‌లో లేరు కాబట్టి ఆ గదికి కూడా క్రెడిట్ వర్తిస్తుందో లేదో అడిగి, కన్ఫర్మేషన్ కాగితం మీద చూసుకున్నాకే కార్డు ఇవ్వండి. నోటిమాట నమ్మొద్దు.

ముందే బుక్ చేసుకోవడంలో నిజమైన లాభం వేరే ఉంది. మధ్యలో తలుపున్న కనెక్టింగ్ గదులు షిప్‌లో తక్కువ. వేసవి సెలవులకి అవే ముందు అయిపోతాయి.

ఐ94_అన్నయ్య:
పై లెక్కకంటే ముందు మీ స్టాంప్ సంగతి చూడండి. స్టాంప్ అయిపోయినా ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) ఉంటే చాలు, ఆటోమేటిక్ రీవాలిడేషన్‌లో (పాత స్టాంప్‌తోనే తిరిగి రానిచ్చే నియమం) వచ్చేయొచ్చు అని చాలామంది ధీమాగా ఉంటారు. హెచ్‌1బికి అది కెనడా, మెక్సికోలకి మాత్రమే, అదీ 30 రోజుల లోపు. షిప్ హోండురస్‌లోని రొవటాన్‌లోనో జమైకాలోనో ఆగితే అది పనికిరాదు. తిరుగు ప్రయాణం దాకా ఎందుకు, గాల్వెస్టన్ చెకిన్‌లోనే ఎక్కనివ్వకపోవచ్చు. ఇండియా వెళ్లి స్టాంపింగ్ పూర్తయ్యే ఆశ వేసవిలోపు గట్టిగా లేకపోతే మీ గది కూడా రిఫండబులే.

పెద్దవాళ్లది మల్టిపుల్ ఎంట్రీ (ఎన్నిసార్లైనా రాగలిగే) బి1/బి2 విజిటర్ వీసా అయితే వీసాతో పెద్ద ఇబ్బంది లేదు. కానీ ఐ-94 మామూలుగా ఆరు నెలలకే ఇస్తారు. క్రూజ్ తేదీ ఆ గడువు లోపల పడేలా టికెట్లు వేయండి. పాస్‌పోర్ట్ తిరిగొచ్చే రోజుకి ఇంకా ఆరు నెలలు చెల్లేలా ఉంటే మంచిది.

బాల్కనీ_బాబాయ్:
పేర్లు జాగ్రత్త బాబూ. మన పాస్‌పోర్ట్‌లలో ఒకరికి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకొకరికి సర్‌నేమ్ గడి ఖాళీ. అమ్మగారి పాస్‌పోర్ట్ మొదటి పేజీ వాట్సాప్‌లో తెప్పించుకుని, అక్షరం అక్షరం చూసి డెస్క్‌లో చెప్పు.

ట్రావెల్ ఏజెంట్ ఉంటే ఆ ఏజెన్సీ పేరు, ఫోన్ నంబరు బుక్ చేసేటప్పుడే రాయించు. లేకపోతే అది నేరుగా కంపెనీ బుకింగ్ అయిపోతుంది, తర్వాత ఏజెంట్‌కి బదిలీ చేయడానికి గడువు ఉంటుంది. ఏజెంట్లు తమ కమిషన్‌లోంచి ఇచ్చే క్రెడిట్ ఒక్కోసారి డెస్క్‌వాళ్లది దాటిపోతుంది. ఒక మెసేజ్ పెట్టి అడిగితే పోయేదేముంది?

ఆఖరి సీ డే (షిప్ ఎక్కడా ఆగకుండా సముద్రంలోనే ఉండే రోజు) నాడు మాత్రం డెస్క్‌కి వెళ్లకు, జాతర. జనమంతా ఒడ్డుకి దిగిన పోర్ట్ రోజున వెళితే డెక్ ప్లాన్ (షిప్ అంతస్తుల మ్యాప్) చూసి గది నంబరు ఎంచుకునే తీరిక దొరుకుతుంది. పైన పూల్ డెక్ గానీ కింద థియేటర్ గానీ లేని చోటు చూడు. పైనా కిందా గదులే ఉంటే రాత్రి నిద్ర పడుతుంది.

గల్ఫ్‌గాలి:
అందరికీ థాంక్స్ అండి. రెండు గదులూ రిఫండబులే తీసుకుంటాం. తర్వాత రేటు తగ్గితే?

డెక్_ప్లాన్:
మీది 5 రాత్రులు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న క్రూజ్ కాబట్టి ఫైనల్ పేమెంట్ (మిగతా డబ్బంతా కట్టే గడువు) ప్రయాణానికి 90 రోజుల ముందు. అప్పటిదాకా రేటు తగ్గితే సవరించమని అడగొచ్చు. రద్దు చేసి కొత్తగా బుక్ చేస్తే మాత్రం ఈ క్రెడిట్ ఎగిరిపోతుంది. అదే రిజర్వేషన్ నంబరు మీద రేటు మార్చమనండి. అలా చేసినా ఒక్కోసారి పాత ఆఫర్ తీసేసి కొత్తది పెడతారు, కాబట్టి ‘సరే’ అనేముందు కొత్త మొత్తం ఎంత, క్రెడిట్ ఎంత మిగులుతుంది అని రెండూ చెప్పించుకోండి. ఫైనల్ పేమెంట్ తేదీకి వారం ముందు ఫోన్‌లో అలారం పెట్టుకుని చివరిసారి రేటు చూడండి. స్టాంపింగ్ తేలకపోతే రద్దు చేయాల్సింది కూడా ఆ వారంలోనే.