సమస్య: గోడపైనఁ జేప కొమ్మ నెక్కె

నిర్వాహకుడు: ఈ వారం సమస్యగా ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ మీరు రాయాలి.

గోడపైనఁ జేప కొమ్మ నెక్కె

యతి, అంటే పాదంలో పొత్తు కుదరాల్సిన అక్షరాలు, గో–కొ. వాడలోని పిల్లలంతా కలిసి గోడబొమ్మ వేస్తున్న సందర్భంలో పూరించాలి. హైదరాబాదులో ఎం.ఎస్. మక్తా వీధుల్లో నడిచినవాళ్ళకి, గోడ నిండా బొమ్మలుంటే వాడ ఎలా మారిపోతుందో చెప్పక్కర్లేదు. ఒక్క షరతు. "బొమ్మే కదా, చేప ఎక్కడైనా ఉంటుంది" అని తప్పించుకోవద్దు. చేప కొమ్మెక్కడానికి కారణం పద్యంలోనే కనబడాలి.

తర్కవాగీశ: ముందు సమస్య సంగతి. ప్రథమా విభక్తి పదం మీద పరుషం (క) వచ్చింది కదా, అది "గ" అయి "చేప గొమ్మ" కావాలి.

నిర్వాహకుడు: బాలవ్యాకరణం ఆ మార్పులు, అవే గసడదవలు, బహుళమనే అంది కదండీ. రెండూ చెల్లుతాయి. ఇక పద్యాలు రానివ్వండి.

కొబ్బరాకు:

పిల్లలెల్ల గూడి ప్రియముగా రంగులఁ
జెఱువు నింపి రచటఁ జేప కేది
చోటు? చిన్నవాఁడు చూపె నుపాయమ్ము
గోడపైనఁ జేప కొమ్మ నెక్కె

చుక్కలముగ్గు: "చేప కేది చోటు" అని పాదం విరిగిన చోట ఊపిరి బాగా ఆగింది. కానీ ఒక అనుమానం. చెరువు గోడకి అడుగున ఉంటుంది, కొమ్మ పైన ఉంటుంది. మేం వేయించినప్పుడు కింది మూడడుగులే చిన్నవాళ్ళవి, పైభాగం నిచ్చెనెక్కగల పెద్దపిల్లలది. మీ చిన్నవాడికి కొమ్మ ఎలా అందింది?

కొబ్బరాకు: అందలేదమ్మా. "చూపె నుపాయమ్ము" అన్నాను గానీ "గీసె" అనలేదు. వాడు వేలు చూపించాడు, అక్క గీసింది.

నిర్వాహకుడు: గట్టి సమాధానం. పిల్లలతో బొమ్మ వేయించేచోట జరిగేది కూడా అదే. ఊహ కిందినుంచి వస్తుంది, కుంచె పైన ఆడుతుంది. పెద్దవాళ్ళు సుద్దముక్కతో గీతలన్నీ ముందే గీసేసి, "ఇందులో రంగు నింపండి" అని అప్పజెప్పిన గోడలు చూశాను. వాటిమీద ఏ చేపా కొమ్మెక్కదు.

చుక్కలముగ్గు: నాది విరుపు మీద, అంటే సమస్యను మధ్యలో విరిచి చదవడం మీద, నడిచే పూరణ. కొమ్మెక్కింది చేప కాదు.

తోఁక రంగుతోడ దూఁకె నుడుత యొండు
బొమ్మ గీయు పాప బుగ్గఁ దాఁకి,
కెవ్వుమనఁగ నామె, గిన్నె యొలికిపోవ,
గోడపైనఁ జేప, కొమ్మ నెక్కె

తర్కవాగీశ: ఉడుత కొమ్మెక్కింది, సరే. మరి "గోడపైనఁ జేప" ఏం చేసింది? దానికి క్రియ లేదు. విరుపు పూరణల్లో తరచూ వచ్చే చిక్కే ఇది. ఒక ముక్కకి అన్వయం కుదురుతుంది, రెండోది దిక్కులేకుండా మిగిలిపోతుంది.

చుక్కలముగ్గు: నిజమే బాబాయ్ గారూ. మూడో పాదం మార్చాను: "కెవ్వుమనఁగ నామె, గీఁతతో వంగెను". ఇప్పుడు వంగింది గోడమీది చేప, ఎక్కింది ఉడుత.

తర్కవాగీశ: ఇప్పుడు రెండు కాళ్ళమీద నిలబడింది. గిన్నె పోతే పోయింది.

ప్రవాసపక్షి: లాస్ ఏంజెలెస్ నుంచి. ఇక్కడ టుజుంగా వాష్ అని సిమెంటు వరదకాలువ ఉంది. జూడీ బాకా అనే చిత్రకారిణి 400 మందికి పైగా కుర్రకారును కూడగట్టి, 1976–1983 మధ్య కొన్ని వేసవుల్లో దాని గోడమీద కాలిఫోర్నియా చరిత్ర గీయించారు. పొడవు 2,754 అడుగులు. కాలువలో నీళ్ళొస్తే పని సాగదు, అందుకే వేసవి. ఆ గోడ తలుచుకుని రాశాను. చెట్టు మాత్రం నా కల్పన.

వాన వెల్లువెత్తి వరదకాల్వను నింపఁ,
బిల్ల లచట గీచు పెద్ద చెట్టు
నడుము దాఁక మునిఁగె, నమ్ముమా! నిజముగా
గోడపైనఁ జేప కొమ్మ నెక్కె

కొబ్బరాకు: అబ్బ! మేమంతా బొమ్మచేపతో కుస్తీ పడుతుంటే, మీరు చేపని నిజం చేసి కొమ్మని బొమ్మ చేశారు.

నిర్వాహకుడు: నా ఓటు దీనికే. "నమ్ముమా" యతి కోసం వచ్చిందనిపించదు, ఎదురుగా నిలబడి చెప్పినట్టుంది.

కొత్తకలం: మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే దిద్దండి.

చెమ్మగోడ మీఁద సున్నమైనను లేక
రంగు లద్దిరయ్య! రాలఁ బొలుసు,
పెచ్చు లూడి యెగిరి పిల్లగాలికిఁ దేలి
గోడపైనఁ జేప కొమ్మ నెక్కె

తర్కవాగీశ: గణాలు కుదిరాయి. మొదటి పాదంలో యతి తప్పింది. చ–స మైత్రి ఉంది గానీ ఎ–ఉ కలవవు. "జిగురుపూఁతయు లేక" అంటే చెల్లుతుంది. పెచ్చుని చేప పొలుసు చేయడం మాత్రం బాగా నచ్చింది నాయనా.

సున్నపుబట్టీ: యతి మీరు చూసుకోండి, గోడ సంగతి నేను చెబుతాను. జిగురుపూత, అదే ప్రైమర్, కొట్టినా చెమ్మగోడ మీద రంగు నిలవదు. లోపలి తడి బయటికొస్తూ ఉప్పుని పైకి తెస్తుంది. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ ఉంటే దారి దొరక్క పొర ఉబ్బి ఊడుతుంది. సున్నం తడిని బయటికి పోనిస్తుంది కాబట్టి, అసలు పద్యంలో సున్నాన్ని తలవడమే సబబు. ముందు నీరు దిగే చోటు మూయాలి, ఉప్పు గీకేయాలి, గోడ పూర్తిగా ఆరనివ్వాలి. పిల్లలు ఆగరు, అదీ చిక్కు! వేసవి సెలవుల్లో ఎండిన గోడ ఎంచుకుంటే సగం బాధ తప్పుతుంది.

కొత్తకలం: అయితే ఇలా?

చెమ్మ పట్టు గోడఁ జెమ్మ యాఱక ముందె
రంగు లద్దిరయ్య! రాలఁ బొలుసు,

మిగతా రెండు పాదాలూ మామూలే.

తర్కవాగీశ: చె–జె. యతి కుదిరింది.

సున్నపుబట్టీ: గోడ కూడా ఒప్పుకుంటుంది.

నిర్వాహకుడు: పూరణలు ఇక్కడితో ఆపుదాం. వచ్చేవారానికి తేటగీతి పాదం:

రంగు వెలిసిన బొమ్మయే రంజకమ్ము