గ్నూ రేడియో 3.10లో సొంత మాడ్యూల్ ఇంపోర్ట్ కావడం లేదు

తరంగం433:
మా మేడమీది నీళ్ల ట్యాంకులోని 433 మెగాహెర్ట్జ్ సెన్సర్ పంపే సంకేతాన్ని ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌తో (యూఎస్‌బీకి తగిలించే రేడియో రిసీవర్) చదవడానికి, గ్నూ రేడియో (రేడియో సంకేతాలను కంప్యూటరులో విశ్లేషించే సాఫ్ట్‌వేర్) 3.8 ఉన్న రోజుల్లో 'ట్యాంక్' అనే మాడ్యూల్‌నూ, అందులో సీ ప్లస్ ప్లస్‌లో 'డీకోడర్' అనే బ్లాకునూ రాసుకున్నాను. ఉబుంటు 22.04కు మారాక జీఆర్-మాడ్‌టూల్‌తో (మాడ్యూల్ చట్రాన్ని తయారుచేసే గ్నూ రేడియో పనిముట్టు) మాడ్యూల్‌ను కొత్తగా సృష్టించి, పాత కోడును అందులోకి ఎక్కించాను. మేక్, ఇన్‌స్టాల్ ఏ పేచీ లేకుండా పూర్తవుతున్నా, 'ఇంపోర్ట్ ట్యాంక్' అన్న వరుస దగ్గర 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' ఎర్రర్ వస్తోంది. దయచేసి దారి చూపగలరు.

పాతయాంటెన్నా:
గ్నూ రేడియో 3.9తో, సీ ప్లస్ ప్లస్ కోడును పైథాన్‌కు కలిపే స్విగ్ పోయి, అదే పని చేసే పైబైండ్11 వచ్చింది. 3.10లో సొంత మాడ్యూళ్లు కూడా గ్నూ రేడియో ప్యాకేజీ లోపలికే చేరాయి. అందువల్ల ఇప్పుడు 'ఫ్రమ్ గ్నూరేడియో ఇంపోర్ట్ ట్యాంక్' అని రాయాలి. బ్లాకు వర్ణన ఉండే యామిల్ ఫైల్లోని ఇంపోర్ట్ వరుసను కూడా మార్చండి, లేకపోతే గ్నూ రేడియో కంపానియన్ (బ్లాకులను బొమ్మలుగా కలిపే ఎడిటర్) తయారుచేసే ఫ్లోగ్రాఫ్ కోడులో పాత వరుసే వస్తుంది.

తరంగం433:
రెండుచోట్లా మార్చినా మాడ్యూల్ దొరకలేదు. వెతికితే ఇన్‌స్టాల్ అయిన ఫోల్డరు పైథాన్ 3.11 పేరున్న డైరెక్టరీలో కనిపించింది కాబట్టి, దాన్ని పైథాన్ 3.10 డిస్ట్-ప్యాకేజెస్‌లోని గ్నూరేడియో ఫోల్డరులోకి కాపీ చేశాను. ఇంపోర్ట్ ఇప్పుడు జరుగుతోంది కానీ, ట్యాంక్‌లో డీకోడర్ అనే 'అట్రిబ్యూట్' లేదంటోంది.

మూలకోడ్:
కాపీ చేయడంతో అసలు తప్పు కనబడకుండా పోయింది. మాడ్‌టూల్ సృష్టించే ఇనిట్ ఫైలు తెరిచి చూడండి. అందులో కంపైలైన భాగాన్ని ఇంపోర్ట్ చేసే వరుస 'ట్రై' లోపల ఉంటుంది, 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' ఎర్రర్ వస్తే 'పాస్' అని ఊరుకుంటుంది. పూర్తిగా పైథాన్‌లోనే రాసిన మాడ్యూళ్ల కోసం చేసిన ఈ ఏర్పాటు, మీలాంటి సందర్భంలో అసలు కారణాన్ని మింగేస్తుంది. పైథాన్ షెల్‌లో 'ఫ్రమ్ గ్నూరేడియో.ట్యాంక్ ఇంపోర్ట్ ట్యాంక్_పైథాన్' అని నేరుగా రాస్తే ఆ ఎర్రర్ బయటపడుతుంది.

కారణం ఫైలు పేరులోనే ఉంటుందని నా అనుమానం. కంపైలైన ఆ భాగం ఉండే .ఎస్‌ఓ ఫైలు పేరులో 'సీపైథాన్-311' అని ఉంటే, పైథాన్ 3.10 దాన్ని తనది కాదని పక్కన పెడుతుంది. మీ టెర్మినల్‌లో కాండా పరిసరం (వేరే పైథాన్ ఉండే ప్రత్యేక ఏర్పాటు) తెరిచి ఉండగా సీమేక్ (బిల్డ్‌ను సిద్ధం చేసే పనిముట్టు) నడిపి ఉంటారు. దాన్ని డీయాక్టివేట్ చేసి, బిల్డ్ డైరెక్టరీని మొత్తం తీసేసి (పాత ఎంపికలు క్యాష్‌లో మిగిలిపోతాయి), సీమేక్‌కు 'పైథాన్_ఎగ్జిక్యూటబుల్' విలువగా వ్యవస్థలోని పైథాన్3 దారిని ఇచ్చి మళ్లీ నిర్మించండి. చేత్తో కాపీ చేసిన ఫోల్డరును కూడా మరిచిపోకుండా తొలగించండి.

తరంగం433:
మీ అనుమానమే నిజం, పేరులో 311 ఉంది. మళ్లీ నిర్మించాక 'లిబ్‌గ్నూరేడియో-ట్యాంక్' షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైలును తెరవలేకపోతున్నానని ఇంపోర్ట్ ఎర్రర్ ఇస్తోంది.

పాతయాంటెన్నా:
అంటే పైథాన్ వైపు పని పూర్తయింది. కొత్త లైబ్రరీల జాడను వ్యవస్థకు తెలిపే ఎల్‌డీకాన్ఫిగ్‌ను సుడోతో ఒకసారి నడపండి. ఒకవేళ 'అన్‌డిఫైన్డ్ సింబల్' అని వస్తే, లిబ్ ఫోల్డరులోని సీమేక్‌లిస్ట్స్ ఫైల్లో డీకోడర్ సోర్సు ఫైలు చేర్చారో లేదో చూసుకోండి. పాత కోడును చేత్తో ఎక్కించేవారు ఎక్కువగా మరిచిపోయేది అదే.

తరంగం433:
ఎల్‌డీకాన్ఫిగ్‌తో సరిపోయింది, ఫ్లోగ్రాఫ్ నడుస్తోంది. ఇద్దరికీ కృతజ్ఞతలు. ట్యాంకులో నీళ్లు పావు వంతే ఉన్నాయని చూపిస్తోంది, మోటారు వేసి వస్తాను.