డల్లాస్‌కి కొత్త, మాది కావలి: మధ్యాహ్నం తిండి ఖర్చు తగ్గేదెట్టా?

కావలి కుర్రాడు:
అన్నలకి, అక్కలకి నమస్తే. వచ్చి నెల కూడా కాలా. మధ్యాహ్నం ఆఫీసు కింద హోటల్లో తింటున్నా, డబ్బులు నీళ్ళలా పోతున్నాయి. పొద్దున ఏడింటికే బయల్దేరాలి. వంటంటే పప్పూ అన్నం వరకే వచ్చు. క్యారేజీ కట్టుకోవడం నా వల్ల అవుద్దా?

ఆత్మకూరు అన్న:
పప్పూ అన్నం వస్తే చాలు తమ్ముడూ. ముందు లెక్క చూడు. 13 డాలర్ల భోజనానికి డల్లాస్‌లో 8.25 శాతం పన్ను కలిస్తే 14 దాటుద్ది. నెలకి 22 పనిరోజులంటే 300 పైమాటే. అదే బియ్యం, కందిపప్పు, కూరగాయలకైతే టెక్సస్‌లో ఆ పన్నే లేదు. మొలగొలుకుల బియ్యం కోసం వెతుక్కుంటూ తిరగొద్దు, సోనా మసూరి బస్తా తెచ్చిపెట్టుకో.

పొద్దున లేచి వండుదామనుకుంటే వారం కూడా సాగదు. రాత్రి వండేదే ఇంకో గ్లాసు ఎక్కువ పోయి. నువ్వు కంచం ముందు కూర్చోకముందే రేపటి డబ్బా నింపెయ్. తిన్నాక మిగిలింది కట్టుకుందామంటే, బయటి ఊళ్ళో ఒంటరిగా ఉన్నోడి ఆకలికి ఏమీ మిగలదు.

ఇంకో మాట. అన్నం రెండు గంటలకు మించి బయట పెట్టొద్దు, ఆలోపే ఫ్రిజ్‌లోకి పోవాలి. అన్నంలో ఉండే ఒక రకం బాక్టీరియా ఉడికినా పూర్తిగా చావదు. వెచ్చగా వదిలేస్తే పెరిగి విషం వదుల్తుంది, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. ఊళ్ళో సద్దన్నం తిని పెరిగాం కదా అని నాతో వాదించొద్దు.

పప్పు ఆదివారం ఎక్కువ చేసి చిన్న డబ్బాల్లో ఫ్రీజర్లో పెట్టు, ఏం కాదు. బంగాళాదుంప కూర మాత్రం పెట్టొద్దు, కరిగాక మెత్తగా నీళ్ళు కారతా ఉంటది.

ఒంగోలు అక్క:
స్టీలు క్యారేజీ మైక్రోవేవ్‌లో పెట్టేవు, నిప్పురవ్వలు వస్తాయి. గాజు డబ్బా కొనుక్కో. పెరుగు వేరే డబ్బాలో పట్టుకెళ్ళి, అన్నం వేడయ్యాక కలుపుకో. వండే ఓపిక లేని రాత్రి పులిహోర కలిపేసుకో, చల్లగానే తినొచ్చు, మైక్రోవేవ్ దగ్గర వరసలో నిలబడే పని తప్పుద్ది. శుక్రవారం మాత్రం టీమ్‌తో కలిసి బయట తిను నాయనా. కొత్తలో నలుగురితో పరిచయం అయ్యేది ఆ బల్ల దగ్గరే, అక్కడ డబ్బు చూసుకోవద్దు.

కావలి కుర్రాడు:
చాలా థాంక్స్ అక్కా. అమ్మ ఎండు మెత్తళ్ళు కట్టిచ్చింది. వేపుడు చేసి ఆఫీసుకి తీసుకెళ్ళొచ్చా?

ఒంగోలు అక్క:
వద్దు! ఒక్కసారి ఆ మైక్రోవేవ్‌లో పెడితే ఫ్లోరంతా నిన్ను గుర్తుపెట్టుకుంటారు. చేపల పులుసైనా అంతే. ఇంట్లో తిను. వేయించేటప్పుడు ఫ్యాన్ వేసి కిటికీ తెరువు, లేకపోతే పొగ అలారం మోగుద్ది.