ఈ వారం సమస్య: రంగు టీవి కలదు రండు రండు

నిర్వాహకుడు:
ఆటవెలది పద్యం చివరి పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. అమెరికా హైవేల పక్కన పాత మోటళ్ళ (కారులో వెళ్ళేవాళ్ళు రాత్రికి దిగే హోటళ్ళ) బోర్డుల మీద ఈ మాట ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. 1954లో ఆర్‌సీఏ అనే అమెరికా కంపెనీ వాళ్ళ మొదటి రంగు టీవీ ధర వెయ్యి డాలర్లు. అంత ఖరీదైన వస్తువు గదిలో ఉందంటే అప్పట్లో గొప్పే మరి. ఇప్పుడు ఆ మాటకు ఎవరైనా బండి ఆపుతారా? ఆపించండి చూద్దాం.

పూరణ 1:
చేతిలోనె నేడు సినిమాలు చూచెడి
బాటసారి నాపి పాతబోర్డు
తుప్పుపట్టి కూడ తొణకక పిలిచెను
రంగు టీవి కలదు రండు రండు!

– ధార బాగుందండీ. ఒక్క సవరణ. 'పిలిచెను' అంటే ఒకసారి పిలిచి ఊరుకున్నట్టుంది. 'పిలుచును' అనండి, గణం చెడదు, బోర్డు రోజూ పిలుస్తూనే ఉంటుంది.

– సరేనండీ, మార్చుకుంటాను.

పూరణ 2:
తెరను బొమ్మ లేదు తెల్లారు వరకును
పెట్టెకేమొ రంగు పెచ్చులూడు
అయిన మాట తప్పడాయన బోర్డులో
రంగు టీవి కలదు రండు రండు!

– మూడో పాదంలో యతి, అదే మొదటి అక్షరంతో కలవాల్సిన అక్షరం, ఎక్కడ సార్? 'అ'కు 'డా' ఎలా కుదురుతుంది?

నిర్వాహకుడు: తప్పడు + ఆయన. సంధి విడదీస్తే 'ఆ' ఉంది కదా, 'అ'తో చెల్లుతుంది. నాకు ఈ పూరణే ఎక్కువ నచ్చింది. బొమ్మలోని రంగును పెట్టె మీది పెయింటుగా మార్చేశారు. ఓనరు అబద్ధం ఆడలేదు, మనం గదికి డబ్బు కట్టేశాం! మిగతావాళ్ళు బోర్డు చూసి నవ్వారు, ఈయన గదిలోకి వెళ్ళి చూసొచ్చారు.

పూరణ 3:
పావు డాలరేయ పరుపెల్ల వణకును
గదిని ఫోను మోగు గాలి చలువ
అన్ని చెరిగిపోయె మిగిలిన దొక్కటే
రంగు టీవి కలదు రండు రండు!

– పరుపు వణకడం ఏంటమ్మా, భూకంపమా?

– కాదండీ! మ్యాజిక్ ఫింగర్స్ అని, మంచానికి బిగించే మోటారు. 1958లో జాన్ హౌటలింగ్ కనిపెట్టాడు. పావు డాలర్ నాణెం వేస్తే పరుపు పావుగంట అదిరేది. బోర్డు మీద దాని పేరూ రాసుకునేవాళ్ళు.

నిర్వాహకుడు: మొదటి పాదం భేష్. మూడో పాదంలో మాత్రం యతి తప్పింది, 'అ'కు 'మి' చెల్లదు. 'అన్ని చెరిగిపోయి యచ్చట మిగిలెను' అంటే సరిపోతుంది. రెండో పాదంలో ఫోను, ఏసీ జాబితా చదివినట్టున్నాయి. పరుపు మీదే ఇంకాసేపు ఉంటే బాగుండేది.

– మోటల్ 6 అనే మోటళ్ళ సంస్థ పేరు కూడా ఇలాంటి బోర్డే కదండీ? 1962లో మొదలైనప్పుడు రాత్రికి ఆరు డాలర్లు. ఆ అద్దె ఎప్పుడో పోయింది, అంకె ఉండిపోయింది.

– సూపర్ 8 కూడా అంతే, 1974లో ఎనిమిది డాలర్ల ఎనభై ఎనిమిది సెంట్లు.

నిర్వాహకుడు: ధరనే పేరుగా పెట్టుకుంటే తిప్పలే! దాని మీద పద్యం రాస్తే అంకెలకు గణాలు కుదరక మనకూ తిప్పలే. వచ్చే వారం తేటగీతి. 'ఖాళీ లేదు' అనే నియాన్ బోర్డులో 'లేదు'కు వేరే స్విచ్చు ఉంటుంది, అది గుర్తుపెట్టుకుని పూరించండి:

ఖాళి లేదన్న బోర్డుతో ఖాళి గదులు