ఇన్సులిన్ మొక్క ఆకు నమిలితే షుగర్ మాత్ర మానేయొచ్చా?

పెరటితోట: మా నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగర్. చుట్టాలెవరో కడియం వెళ్లి ఇన్సులిన్ మొక్క తెచ్చిచ్చారు, అప్పట్నుంచీ పొద్దున్నే పరగడుపున రెండాకులు నములుతున్నారు, ఫాస్టింగ్ కాస్త తగ్గిందట, ఇంక మాత్రలెందుకే అని మొదలెట్టారు. అడవి అల్లం జాతి, మన పూర్వీకుల వైద్యం, హాని ఉండదు అంటారు. నిజమేనా? డాక్టర్ని అడగండి అని ఒక్క ముక్క అనేసి పోకండి ప్లీజ్.

బుల్లోడు: మా వీధిలో సగం మంది నములుతున్నారక్కా. పుల్లగా బానే ఉంటది, మందులా అనిపించదు. మందుల కంపెనీలకి గిట్టదు గానీ ఆకులో పవర్ ఉంది.

మన్యం మాస్టారు: పూర్వీకుల మాట పక్కన పెట్టండమ్మా. ఈ మొక్క పుట్టిల్లు బ్రెజిల్, మన దగ్గరికొచ్చింది ఈమధ్యే. నారింజ రంగు పువ్వు, ఆకు అడుగున ఊదా రంగు. ఇదే పేరుతో మెక్సికో జాతి ఇంకోటి కూడా అమ్ముతున్నారు, దానికి పసుపు పువ్వు మీద ఎర్ర గీతలుంటాయి. మన అడవిలో ఉండేది వీటి చుట్టం, చెంగల్వ కోష్టు. వానలు పడగానే తేమ ఉన్నచోట లేస్తుంది, ఆకులు కాండం చుట్టూ మెలి తిరుగుతూ పైకి పోతాయి, ఎర్రటి కంకిలోంచి నలిగిన మల్లు గుడ్డలాంటి తెల్లటి పువ్వు బయటికొస్తుంది. పాతకాలం నుంచీ జ్వరానికీ దగ్గుకీ నులిపురుగులకీ వాడింది దీని దుంప, ఆకు కాదు. ఆ దుంపలో డయోస్జెనిన్ ఉంటుంది, స్టిరాయిడ్ మందులకీ గర్భనిరోధక మాత్రలకీ ముడిసరుకు అదే. గర్భిణుల్ని దీని జోలికి పోవద్దనేది ఊరికే కాదు. ఇంకో తిరకాసు, పచారీ కొట్లో చెంగల్వ కోష్టు అంటే చాలాచోట్ల చేతిలో పెట్టేది హిమాలయాల్లో పెరిగే వేరే మొక్క వేరు, అది చామంతి కుటుంబం.

బుల్లోడు: ఏ దేశందైతే ఏంటి మాస్టారూ, మిరపకాయ మాత్రం మనదా?

ల్యాబ్ రాణి: మిరపకాయ తిని ఎవరూ మాత్రలు మానట్లేదు కదా బ్రో. పేరు చూసి మోసపోకండి, ఆకులో ఇన్సులిన్ ఉండదు. ఒకవేళ ఉన్నా అది ప్రొటీన్, కడుపులోనే అరిగిపోతుంది, అందుకేగా 1922 నుంచీ సూదితో ఎక్కిస్తున్నారు. ఎలుకల్లో షుగర్ తగ్గిన మాట నిజమే, కానీ మనుషుల మీద పెద్ద పరీక్షలేవీ జరగలేదు. మాత్రల పైన ఇది కూడా తింటే కొందరికి షుగర్ మరీ పడిపోయి చెమటలు పట్టొచ్చు. ఒంట్లో ఇన్సులిన్ తయారవని టైప్ 1 షుగర్ పిల్లలకి మాత్రం ఇలాంటివి చూసి ఇన్సులిన్ ఆపారంటే రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది.

బుల్లోడు: మీరు రాసిచ్చే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మాత్రం మొక్క నుంచి రాలేదా మేడమ్?

ల్యాబ్ రాణి: నేను రాసివ్వను బాబూ, రక్తం తీసేదాన్ని. యూరప్‌లో గెలీగా అనే మొక్క ఉంది, దాంట్లో ఉన్న పదార్థం షుగర్ తగ్గిస్తుంది గానీ విషం కూడాను, అందుకని ఆ బాటలోనే ల్యాబ్‌లో వేరే మందు తయారుచేసి, మనుషులకిచ్చి చూసి, 1957లో ఫ్రాన్స్‌లో బయటపెట్టారు. ఆ గెలీగా ఆకు ఇప్పుడెవరైనా నములుతున్నారా? షుగర్ నయం చేస్తాం అని ప్రకటన వేయడమే 1954 చట్టం ప్రకారం నేరం, అయినా వాట్సాప్‌లో ఎవడాపుతాడు. అక్కా, నాన్నగారికి మూడు నెలల సగటు టెస్ట్ చేయించండి, ఒక్కరోజు ఫాస్టింగ్ రాత్రి తిన్నదాన్ని బట్టి కూడా మారుతుంది.

పెరటితోట: సరే, టెస్ట్ చేయిస్తా. ఆయన ఆకు మానరు, మాత్ర మానకుండా నేను చూసుకుంటా. మాస్టారూ, మా మొక్క ఆకు తిరగేసి చూశా, అడుగున ఊదా రంగేం లేదు, అంటే మెక్సికోదా?

మన్యం మాస్టారు: పూత వచ్చాక ఫోటో పెట్టమ్మా, ఆకు చూసి చెప్పలేను.