‘కర్ణాంతరుత్కీర్ణ’: ఆ రేఖ చెవి అంచునా, లోపలా?

తిరుపతి సభ్యుడు: శ్రీహర్షుని సంస్కృత కావ్యం నైషధంలో దమయంతి చెవుల వర్ణన ఒకటి సగమే గుర్తుంది. పదునెనిమిది విద్యలను రెండు చెవులూ చెరిసగం పంచుకొన్నాయని, అందుకే చెవిలో తొమ్మిది అంకె చెక్కి ఉన్నదని భావం. ‘కిం తస్య సంఖ్యైవ న వా నవాంకః’ అన్న చివరి పాదం నాలుకపైనే ఉంది గాని, మూడవ పాదంలో ‘కర్ణాంత’ తరువాత ఏమున్నదో తట్టడం లేదు. కవి చూసిన గీత అంచు మడతా, లోపలి గుంటా అన్నది దానిని బట్టి తేలాలి.

చిత్తూరు అయ్యవారు: ఏడవ సర్గ, ‘కర్ణాంతరుత్కీర్ణగభీరరేఖః’. ఉత్కీర్ణమంటే చెక్కినది, గభీరరేఖ అంటే లోతైన గీత. కర్ణాంతమంటే చెవి చివర. పైన వంపు తిరిగి, దిగివచ్చి తమ్మె దగ్గర సన్నగిల్లే అంచు మడతలో తొమ్మిది ఎవరికైనా కనబడుతుంది. పైగా ‘న వా నవా’ అని రెండు మార్లు వినిపించడం ఊరకే జరిగింది కాదు. రెండు చెవులకూ చెరొక తొమ్మిది ఇచ్చాడని నా అభిప్రాయం.

శ్రీకాళహస్తి సభ్యురాలు: అయ్యవారూ, ఆ ‘రు’ను మీరు వదిలివేశారు. అంతశబ్దమే అయితే గుణసంధి వచ్చి ‘కర్ణాంతోత్కీర్ణ’ కావాలి, అప్పుడు పాదంలో ఒక అక్షరం తరుగుతుంది కూడా. రేఫ నిలిచిందంటే అది ‘లోపల’ అని అర్థమిచ్చే ‘అంతర్’ అన్న అవ్యయమే. కాబట్టి రేఖ చెవి లోపలిదే.

తిరుపతి వైద్యుడు: సంధి సంగతి పెద్దలకు వదిలి, ‘గభీర’ గురించి ఒక మాట. గర్భంలో ఆరవ వారం ప్రాంతంలో ఆరు చిన్న బొడిపెలు లేచి, పెరిగి, కలిసిపోయి చెవిదొప్ప అవుతుంది. ఆ మడతలు ఏ ఇద్దరికీ అచ్చంగా ఒకటి కాకపోవడంలో అనేక జన్యువుల పాత్ర ఉంది. తమ్మె అతుక్కొని ఉండడం ఒక్క జన్యువు పనేనని బడిలో చదువుకొన్నాము గాని, 2017లో వెలువడిన పరిశోధన దానితో ముడిపడిన 49 జన్యుస్థానాలను గుర్తించింది. ఇక శబ్దం కుడి నుంచా, ఎడమ నుంచా అన్నది రెండు చెవులకూ అది చేరే కాలంలోను, తీవ్రతలోను ఉండే తేడా చెబుతుంది. పైనుంచా, కిందినుంచా అన్నది మాత్రం ముఖ్యంగా ఈ మడతలూ గుంటలూ శబ్దంలో తెచ్చే మార్పు వల్ల తెలుస్తుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు కొందరి చెవి గుంటలలో అచ్చులు అమర్చి ఆకారం మార్చగా, పై కిందుల గుర్తింపు చెడి, కొన్ని వారాలలో మళ్లీ కుదురుకొన్నదని 1998లో ప్రకటించారు. అచ్చులు తీశాక పాత చెవితోనూ వారు మునుపటిలాగే గుర్తించగలిగారు. వినికిడికి పనికివచ్చే లోతు లోపలే ఉంది గనుక నా ఓటు ‘అంతర్’కే.

పుత్తూరు సభ్యుడు: ఈ ఆకారం గొడవ పోతనగారికి లేదు. ‘విష్ణు నాకర్ణించు వీనులు వీనులు’ అని ప్రహ్లాదుని చేత ఒక్క ముక్కలో తేల్చివేయించాడు. ఆ ‘ఆకర్ణించు’లోనే కర్ణం ఉన్న సొగసు శ్రీహర్షుని లెక్కలకు రాదు. తెలుగు ప్రబంధ కవులు చెవిని శ్రీకారంతో కూడా పోల్చారు.

చిత్తూరు అయ్యవారు: పోతన పద్యం అందరికీ వచ్చినదే, ప్రశ్న అది కాదు. ‘అంతర్’ అని ఒప్పుకొన్నా నా పక్షం చెడదు. అంచుకు లోపలివైపున ఆనుకొని ఒక కాలువ ఉంటుంది. చెక్కినట్లుండేది అదే గాని, రంధ్రం ముందున్న దొన్నె కాదు. దొన్నెను రేఖ అని ఎవరూ అనరు.

శ్రీకాళహస్తి సభ్యురాలు: కాలువ అన్నది బాగుంది. అయితే శ్రీహర్షుడు 12వ శతాబ్దపు కన్యాకుబ్జ కవి. ఆయన వ్రాసిన తొమ్మిది మన ౯ కాదు. అది ఏ లిపిలోనిదైనా కుడి చెవిలో సరిగ్గా ఒదిగితే ఎడమ చెవిలో తిరగబడుతుంది. చెరొక తొమ్మిది అన్న మీ సిద్ధాంతం అక్కడ ఏమవుతుంది?

చిత్తూరు అయ్యవారు: దమయంతి చేతిలో అద్దం ఉంటుందమ్మా. తిరగబడిన తొమ్మిది అందులో తిన్నగానే కనబడుతుంది.